ఎవారిస్తో ఎంగిలి

మా ఊళ్ళో ఏ ఇంట్లో పొయ్యి రాజుకోలేదో అందరికంటే ముందు తెలిసేది తోమాసాకి. ఆమెది పిండిమర. మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి, బకెట్లలో పోసుకుని ఆడవాళ్ళమంతా తెల్లవారకముందే ఆమె గుమ్మం ముందు వరస కడతాం. ఆడిన ముద్దని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకుని రొట్టెలు కాల్చుకుంటేనే మాకు పొద్దు మొదలైనట్టు. తోమాసా మా మొహాలు చూడదు, బకెట్లు చూస్తుంది. "ఏం కొమాద్రె, అల్లుడొచ్చాడా? బకెట్టు పొంగిపోతోంది" అని నన్ను ఆటపట్టించేది. మాలో పెద్దావిడ సొట్టపోయిన బకెట్ రాకపోతే "దోన్యా కూకాకి మళ్ళీ మోకాళ్ళు పట్టేసుంటాయి" అనేది. నా కూతురి జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా నిలబడింది కాబట్టి ఆమె నాకు కొమాద్రె, నేను ఆమెకి కొమాద్రెని. మా దగ్గర ఇది తోడబుట్టిన చుట్టరికం కంటే గట్టిది. తోడబుట్టినవాళ్ళతో మాటలు మానేయొచ్చు, కొమాద్రెతో కుదరదు.

మనిషి పొట్టిగా, గట్టిగా, రోకలిలా ఉంటుంది. గొంతెత్తితే మర మోత కూడా వినపడదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఎవరో అడిగే ఉంటారు, ఈ మోతలో నాకు వినపడలేదు" అనేది. అసలు సంగతి అది కాదు. తల్లి పోయేనాటికి చెల్లెలు ఎలోదియా చంకలో పిల్ల. తండ్రికి మరా, మందూ తప్ప మూడోది తెలీదు. ఆ పిల్లని శాలువాతో వీపున కట్టుకుని మర నడిపింది తోమాసా. తను పస్తున్నా దాని నోట్లో ముద్ద పెట్టింది. పెళ్ళీ పెటాకులూ, తన ఇల్లూ తన పిల్లలూ అన్న ఆలోచన రాకముందే వయసు దాటిపోయింది.

దేనికీ జంకే రకం కాదామె. మర పట్టా తెగి మొహం మీదకొచ్చినా తిట్టుకుంటూ మళ్ళీ బిగించుకునేది. భయమల్లా చనిపోయినవాళ్ళంటేనే. శ్మశానం ముందునుంచి పోవాల్సొస్తే ఊరంతా చుట్టి వెళ్ళేది. "బతికున్నవాళ్ళయితే నోటితో గెలుస్తాను కొమాద్రె. వాళ్ళతో ఏం పెట్టుకుంటాం?" అనేది.

ఎలోదియాని ఎవారిస్తోకిచ్చి చేశారు. అతనిది తిరునాళ్ళ బన్నుల వ్యాపారం. పళ్ళెమంత వెడల్పు తీపి బన్నులు కాల్చి, పైన నువ్వులు చల్లి, వ్యానులో వేసుకుని మలిన్చే కొండ చుట్టూ ఎక్కడ తిరునాళ్ళుంటే అక్కడికి పోయేవాడు. నవ్వుమొహం మనిషి. పిల్లలు కలగలేదు, కానీ ఆ ఇంట్లో ఎప్పుడూ పాట వినపడుతుండేది. ఒక ఆగస్టులో తిరునాళ్ళ నుంచి తిరిగొస్తుంటే కొండ దిగే మలుపులో వ్యాను బ్రేకులు పట్టలేదు. శవపేటిక మూతైనా తియ్యనివ్వలేదు మమ్మల్ని.

నవంబరు మొదట్లో మా దగ్గర చనిపోయినవాళ్ళు ఇళ్ళకొస్తారు. ఆ ఏడాది పోయినవాళ్ళుంటే ఆ ఇంట్లో పెద్ద బల్ల పెడతాం. ఫోటో, కొవ్వొత్తులు, గ్లాసుడు నీళ్ళు, చిటికెడు ఉప్పు, వాళ్ళకి ఇష్టమైన వంటలు, వీధి గుమ్మం నుంచి బల్ల దాకా బంతిరేకుల దారి. వచ్చినవాళ్ళు మనలా నమిలి మింగరు, రుచిని మాత్రం తీసుకుంటారు. మర్నాడు మధ్యాహ్నం చర్చి గంటలు కొట్టాక సాంబ్రాణి పొగతో గుమ్మం దాకా సాగనంపి, ఆ వంటలు మేం తింటాం. అవి చప్పగా ఉంటాయి. "కడుపునిండా తిన్నాడు పాపం" అనుకుని సంతోషిస్తాం. ఎవారిస్తోకి పెట్టిన మోలే పులుసు, అన్ని రకాల మిరపకాయలూ నువ్వులూ నూరి చేసింది, నీళ్ళలా ఉంది. నేనూ తిన్నాను, అబద్ధం చెప్పను.

కానీ ఆ రోజు సాగనంపడం సరిగ్గా జరగలేదు. పొగ వేసుకుంటూ గుమ్మం దాకా నడవాల్సిన ఎలోదియా నట్టింట్లోనే కూలబడి ఏడ్చింది. నిప్పులు అక్కడే ఆరిపోయాయి. అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆమె బకెట్ రావడం తగ్గింది. ఆకుపచ్చ బకెట్, పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉండేది. ముందు రోజు విడిచి రోజు వచ్చింది, తర్వాత ఆదివారాలే, క్రిస్మస్ తర్వాత అసలే లేదు. ఏం తింటోందంటే తీపి బన్నూ, చక్కెర దట్టించిన కాఫీ, కూల్‌డ్రింకు, వేడినీళ్ళు పోస్తే ఉబ్బే కప్పు నూడుల్సు. అవి కూడా సగం సగం. పగలంతా మంచం మీద, తెల్లవార్లూ కళ్ళు తెరుచుకుని. ఎప్పుడడిగినా ఒకటే మాట, "దేనికీ రుచి లేదు."

ఆ మాటే కొంప ముంచింది. ఇంకో ఊళ్ళో అయితే "ఒంట్లో బాగాలేదేమో" అనుకునేవాళ్ళు. మా ఊళ్ళో రుచి లేని తిండికి ఒకటే అర్థం. ఒకరోజు మర దగ్గర వరసలో దోన్యా కూకా అననే అంది.

"ఎవారిస్తో వెళ్ళలేదమ్మా. సాగనంపలేదు కదా, ఎట్టా వెళ్తాడు? దాని పళ్ళెంలోనే తింటున్నాడు. అది తినేదంతా ఆయన ఎంగిలి. ముందు తిండి తింటారు, తర్వాత తిండి పెట్టినవాళ్ళని తీసుకుపోతారు."

"నీ నోట్లో మట్టిపడ! నీ మొగుడు పోయి ఇన్నేళ్ళయింది, నిన్నెందుకు తీసుకుపోలేదో ఇప్పుడర్థమైంది. ఈ నోరు భరించలేకే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తోమాసా మర ఆపలేదు. కానీ ముద్ద కింద పడిపోతుంటే చూసుకోకుండా గోడవైపు చూస్తూ నిలబడింది.

ఆ రోజు నుంచి ఆమెకి చెల్లెలి ఇల్లంటే వణుకు పట్టుకుంది. రోజూ మర మూశాక ముద్ద పట్టుకెళ్ళేది, గుమ్మం మీద పెట్టి "ఎలో, ముద్ద పెట్టానే" అని అరిచి వెనక్కి వచ్చేసేది. పెంచిన పిల్ల ఇంట్లోకి అడుగు పెట్టలేని భయం ఎలాంటిదో ఆలోచించండి. లోపల తన పిల్ల ఉంది. దాని పక్కన ఇంకెవరున్నారో ఆమెకి తెలీదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ముద్ద మూడు రోజులుగా గుమ్మం మీదే పుల్లబడి ఉండటం చూసి ఇక లోపలికి వెళ్ళింది. వెళ్ళి, వెంటనే మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. పెదాలు తెల్లబడిపోయాయి.

"బల్ల దగ్గర కూర్చుంది కొమాద్రె. పళ్ళెంలో గుడ్డు, చిక్కుడు గింజలు. ఎదుట ఖాళీ కుర్చీ. పళ్ళెం కుర్చీవైపు తోసి నవ్వుతోంది. 'తినవే' అంటే 'ఆయన్ని తిననీ' అంది. 'నేను తింటే ఆయనకి తగ్గిపోతుందిగా అక్కా' అంది. చేతికి ఉంగరం జారిపోతోందని దారం చుట్టుకుంది."

"నువ్వేమన్నావ్?"

"ఇట్టా ఎన్నాళ్ళే అన్నాను. 'ఇంకెన్నాళ్ళోలే అక్కా, కొన్నాళ్ళేగా' అంది. నవ్వుతూనే అంది." తోమాసా నా చెయ్యి పట్టుకుంది. "కొన్నాళ్ళంటే ఏంటి హసింతా? ఏంటి దాని ఉద్దేశం?"

ఆ ఉద్దేశం ఇద్దరికీ అర్థమైంది. నోటితో చెప్పడానికి ఇద్దరికీ ధైర్యం లేకపోయింది.

తోచినవన్నీ చేశాం. మూలికల కట్టతో ఒళ్ళు తుడిచి, గుడ్డుతో దిష్టి తీసే ముసలమ్మని పిలిపించాం. ఫాదరుగారు వచ్చి తీర్థం చల్లి, ఎవారిస్తో దేవుడి దగ్గరున్నాడు, అక్కడ తిండికి లోటు లేదని చెప్పారు. ఎలోదియా మర్యాదగా ఆయనకి కాఫీ ఇచ్చి, ఎవారిస్తో ముందు కూడా ఒకటి పెట్టింది. ఆయన కాఫీ పూర్తి చెయ్యకుండానే లేచారు. ఆరోగ్యకేంద్రానికి తీసుకుపోదాం అన్నాను నేను.

"డాక్టరమ్మకి ఏం చెప్పమంటావ్? చచ్చిన మరిది ఎంగిలి తింటోందనా?" అని విసుక్కుంది తోమాసా.

ఎలోదియా అయితే ఏకంగా, "మొగుడితో కలిసి భోంచేస్తే అదొక జబ్బా?" అంది.

ఫిబ్రవరిలో కార్నివాల్ ఆటగాళ్ళు వీధిలో డప్పులు కొట్టుకుంటూ పోతున్న రోజు, తోమాసా మర మధ్యలో కట్టేసి నన్ను కూడా రమ్మంది. ఒక్కతే వెళ్ళలేనంది. ఎలోదియా ఎప్పటిలాగే బల్ల దగ్గరుంది. మెడ ఎముకలు బయటికొచ్చి, బుగ్గలు లోపలికి పోయి, నేను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. ఎదుట కుర్చీ, కుర్చీ ముందు చిక్కుడు గింజల పళ్ళెం.

చనిపోయినవాళ్ళ పళ్ళెంలో వాళ్ళు లేవకముందు చెయ్యి పెట్టకూడదు. పెడితే వాళ్ళ కన్ను పడుతుందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. తోమాసా గుమ్మంలో నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళి, ఖాళీ కుర్చీ లాగి, దాన్లో కూర్చుంది. ఎలోదియా కెవ్వుమంది.

"అక్కా! ఆయన మీద కూర్చున్నావ్!"

"సారీ మరిదీ, కొంచెం జరుగు" అంది తోమాసా. గొంతు పలచగా, వేరే ఎవరిదోలా వచ్చింది. రొట్టె తుంచి, గింజలు తీసుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. నేను గుమ్మం కొయ్య గట్టిగా పట్టుకున్నాను.

ఆమె కళ్ళు తెరిచింది.

"అడుగంటిందే ఇది" అంది.

"ఏంటి?"

"మాడిపోయింది. ఉప్పు ఒక చోటే కుమ్మరించావ్. పచ్చిమిరపకాయ నశాళానికంటింది. నువ్వు ఎన్నడూ వంట నేర్చుకున్న పాపాన పోలేదు." ఇంకో ముద్ద తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్ని రుచులూ ఇందులోనే ఉన్నాయి ఎలో. చచ్చినవాడొచ్చి తింటే, మాడు వాసన నాకు వదిలేసి పోతాడా?"

ఎలోదియా పళ్ళెం లాక్కుని తింది. మళ్ళీ తింది. వేళ్ళతో గింజలు వండిన పాత్ర అడుగు గీకి ఆ నల్లటి మాడు నాలుక మీద పెట్టుకుంది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"మాడిందా? నాకు తెలియట్లేదే" అంది. తర్వాత ఖాళీ కుర్చీవైపు తిరిగింది. దాన్లో అక్క కూర్చుని ఉంది. "అయితే ఆయన లేడా?"

అంటూనే ఏడుపందుకుంది. ఆ ఏడుపు నేను ఎవారిస్తో పోయిననాడు కూడా వినలేదు. మమ్మల్ని బయటికి తోసి తలుపు గడియ పెట్టేసుకుంది.

"నేనేం చేశాను కొమాద్రె? దానికున్న ఒక్క ఆసరా లాగేశాను" అంది తోమాసా. కార్నివాల్ వాళ్ళు ముసుగులు వేసుకుని ఇంకా ఎగురుతున్నారు. ఆమె గడప మీద కూర్చుని, చీకటి పడ్డా కదలలేదు. తలుపు చెక్కకి చెవి ఆనించి, లోపల మంచం కిర్రుమన్న ప్రతిసారీ ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు పొద్దున మా బకెట్లన్నీ వరసలో ఉన్నాయి, మర తలుపు తీయలేదు. నా ఎరుకలో ఆ మర పొద్దున తెరవకపోవడం అదే మొదటిసారి. ఎవరూ సణగలేదు. దోన్యా కూకా కూడా నోరు మూసుకుని జపమాల తీసింది. నేను తోమాసా కూర్చున్న గడప దగ్గరకి వెళ్ళేసరికి ఎలోదియా ఇంటి తలుపు తెరుచుకుంది. శాలువా కప్పుకుని నిలబడింది.

"అక్కా, నా నాలుకకి ఏదో అయింది. డాక్టరుకి చూపించు" అంది.

డాక్టరమ్మ పట్నం నుంచి వచ్చిన చిన్నపిల్ల. నాలుక చాపమని, దీపం వేసి, నిజంగానే చూసింది. నవ్వలేదు. నెత్తురు తీయించింది. తర్వాత కుర్చీ దగ్గరకి జరుపుకుని, "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడిగింది. ఇన్ని నెలలుగా మేం మింగేసిన మాట అది. ఎలోదియా అక్కవైపు చూసి, చూపు దించుకుని, తలూపింది. తోమాసా మొహం అప్పుడు చూడలేకపోయాను.

"నాలుక బాగానే ఉంది. ఇది డిప్రెషన్. ఇది వస్తే నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, కొందరికి రుచి కూడా పోతుంది. మీ తప్పు కాదు, ఆయన తప్పూ కాదు" అంది డాక్టరమ్మ. మాత్రలు రాసింది. వారం వారం వచ్చి తనతో మాట్లాడాలంది. ఒంటరిగా ఒదలొద్దని తోమాసాకి గట్టిగా చెప్పింది. "ఏం తింటున్నారు?" అని అడిగి, విని, తల పట్టుకుంది. "నెత్తురు ఎట్టా పలచబడిందో చూడండి. ఆ తీపీ కూల్‌డ్రింకూ మనిషిని ఒక్కసారి ఎత్తి ఒక్కసారి కింద పడేస్తాయి. అసలే పడి ఉన్న మనిషిని ఇంకెంత పడేస్తాయి? మాత్ర పని చెయ్యడానికి వారాలు పడుతుంది. పని చెయ్యడానికి ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా."

"తిండితో తగ్గిపోతుందా?" అంది తోమాసా ఆశగా.

"తిండి ఒక్కదానితో తగ్గదు. తిండి లేకుండా తగ్గడం ఇంకా కష్టం."

"అయితే ఏం పెట్టమంటారు? ఆపిల్ పళ్ళా, సముద్రం చేపలా?"

"మీ మరకొచ్చే బకెట్లలో ఏముంటుందో అదే. రొట్టె, చిక్కుడు గింజలు, గుడ్డు, ఆకుకూరలు, గుమ్మడి గింజలు, సంతలో దొరికే చిన్న ఎండుచేపలు. వేళకి పెట్టండి. ఎవరో ఒకరు పక్కన కూర్చుని తినండి. రుచి వచ్చాక తింటానంటే కుదరదమ్మా ఎలోదియా, రుచి లేకుండానే తినాలి."

చెప్పడం సులువు. మర కట్టేశాక తోమాసా రోజూ ముద్ద, గింజల గిన్నె పట్టుకుని పోయేది. రొట్టెలు కాల్చి, ఒకే పళ్ళెంలో ఇద్దరికీ పెట్టి, ఎదురుగా కూర్చునేది.

"మట్టి తింటున్నట్టుందక్కా."

"మట్టే తిను. రెండు ముద్దలు మట్టి, ఆ తర్వాత మాత్ర."

మొదట్లో ఆ మాత్రలకి కడుపులో తిప్పేది, తిన్నది నిలిచేది కాదు. వారాలు గడిచినా మార్పు లేదు. మంచం కింద కూల్‌డ్రింకు సీసాలు దొరికినరోజు తోమాసా వాటిని వీధిలోకి గిరాటేసి, "నిన్ను వీపున కట్టుకుని పెంచింది ఇందుకా!" అని ఊరంతా వినేలా అరిచి, వెంటనే లోపలికి పరిగెత్తి కాళ్ళు పట్టుకుని క్షమించమంది. తన నోటికి అది ఏమైనా చేసుకుంటుందని భయం. రాత్రిళ్ళు అక్కడే చాప వేసుకుని పడుకునేది, చెల్లెలి కాలివేలికి తన చేతికి దారం కట్టుకుని. మంచం మీద మనిషి లేస్తే తెలియాలని. చనిపోయినవాళ్ళంటే ఉన్న భయం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలీదు. బతికున్న మనిషి భయం దాన్ని మింగేసింది.

వరసలో మేం కూడా ఊరుకోలేదు. ఒకరు గుడ్లు, ఒకరు ముళ్ళు గీకిన నాగజెముడు మట్టలు, ఒకరు పొలం గట్టు మీద తోటకూర. "అడవి ఆకులు పందులకి పెడతాం, రోగికి పెడతారా?" అంది దోన్యా కూకా. అన్నదే గానీ, మర్నాడు తనే ఒక కట్ట తెచ్చి మర మీద విసిరేసి పోయింది. మనిషి అంతే, నోరొక దారి, చెయ్యొక దారి.

ఈస్టర్ దాటాక ఎలోదియా రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టింది. తర్వాత జడ తనే వేసుకుంది. మేలో ఒక పొద్దున అక్క వెనకాల మర దాకా నడిచొచ్చి, ఏమీ మాట్లాడకుండా బకెట్లు అందించింది. మేమంతా చూడనట్టు నటించాం. అయినా నాలుక మీద రుచి రాలేదు. తోమాసా రోజూ ఆమె మొహం చూస్తూ ఒక్కో ముద్దా మింగేది, అడగాలంటే భయం.

వానలు పడ్డాక గట్ల మీద గంగపాయల కూర లేచింది. దాన్ని పొరల్లో కాసే పచ్చ టమాటాలతో, పంది మాంసంతో వండింది తోమాసా. ఎలోదియా ఒక ముద్ద తిని ఆగింది. మొహం చిట్లించింది.

"పుల్లగా ఉంది" అంది.

తోమాసా కదల్లేదు. కదిలితే అది ఎగిరిపోతుందేమోనని అలాగే కూర్చుండిపోయిందట. మర్నాడు ఆ సంగతి నాకు చెబుతూ పిండి చేతుల్తోనే మొహం కప్పుకుంది.

అక్టోబరు వచ్చేసరికి భయం మళ్ళీ మొదలైంది. సంతలో బంతిపూల గంపలు దిగాయి. డాక్టరమ్మ కూడా హెచ్చరించింది, ఇలాంటి రోజులు మనిషిని వెనక్కి లాగుతాయని, మాత్ర మానొద్దని.

"ఈ ఏడాది బల్ల వద్దే" అంది తోమాసా.

"నా మొగుడు ఆకలితో తిరిగిపోవాలా?" అంది ఎలోదియా.

"కిందటేడు పెట్టాంగా! పెట్టినందుకు ఏమైందో చూశాంగా!"

"కిందటేడు నేను ఆయన్ని సాగనంపలేదక్కా. సాగనంపాలి."

ఇక ఎవరూ ఆపలేకపోయాం. మోలే, రొట్టెలు, తిరునాళ్ళ బన్ను, నీళ్ళు, ఉప్పు. ఎవారిస్తో ఫోటోలో నవ్వుతున్నాడు. తోమాసా ఆ రెండు రోజులూ ఆ ఇల్లు విడిచి కదల్లేదు, ఫోటో వంక చూడలేదు. పొయ్యి మీద గింజలు కూడా తనే వండింది. ఆ కంగారులో ఏం వేస్తోందో చూసుకోలేదు.

మధ్యాహ్నం గంటలు కొట్టారు. ఎలోదియా సాంబ్రాణి పాత్ర పట్టుకుని బంతిరేకుల మీదుగా గుమ్మం దాకా నడిచింది. వీధిలోకి పొగ ఊదింది. "వెళ్ళిరా ఎవారిస్తో. జాగ్రత్త" అంది. ఈసారి కూలబడలేదు. లోపలికొచ్చి, బల్ల మీది మోలే పళ్ళెం తీసుకుని, రొట్టెతో అద్ది నోట్లో పెట్టుకుంది. అందరం ఆమె నోటివంకే చూస్తున్నాం.

"రుచి లేదు" అంది.

తోమాసా చేతిలోని గరిటె కింద పడింది.

ఎలోదియా ఇంకో ముద్ద తింది, నింపాదిగా. "ఏమీ లేదు. ఉప్పు లేదు, కారం లేదు."

మళ్ళీ అదే మంచం, అదే ఖాళీ కుర్చీ, ఆ దారం కట్టుకున్న ఉంగరం, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. తోమాసా గోడకి ఆనుకుని, "తల్లీ, మళ్ళీ వద్దు, మళ్ళీ వద్దు" అని గొణుగుతోంది.

ఎలోదియా పళ్ళెం కింద పెట్టి, పొయ్యి దగ్గరకి వెళ్ళింది. పెనం మీది రొట్టె తీసి, కుండలోంచి గింజలు వేసుకుని కొరికింది. నమిలి, మొహం వికారంగా పెట్టి అక్కవైపు తిరిగింది.

"ఇదేంటే అక్కా, ఇంత ఉప్పు కుమ్మరించావ్? గొడ్లు కూడా తినవు!"

తన వంటకి వంక పెడితే ఊళ్ళో ఎవరినీ ఊరికే వదలని తోమాసా, పొయ్యి పక్కనే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. ఎలోదియా కాసేపు ఆమెని చూసింది, తర్వాత బల్ల మీది మోలేని చూసింది.

"అయితే తినేసి వెళ్ళాడన్నమాట" అని, నీళ్ళు తాగి, ఇంకో రొట్టె అందుకుంది.